పెట్టె కింద యంత్రం

మా అమ్మాయి ఆఫీసు మెట్లను మీరు సినిమాల్లో చూసే ఉంటారు. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి దిగే వాలులో ఉన్న బంగళా అది. హాలు మధ్యలోంచి రెండు పాయలుగా చీలి పైకి వెళ్ళే పాలరాతి మెట్లు. పట్టు గౌను వేసుకున్న కోటీశ్వరులైన తండ్రులు ఎందరో ఆ మెట్లు దిగుతూ "ఈ పెళ్ళి జరగదు" అన్నారు. జరిగిన పెళ్ళిళ్ళకు పూలదండలు కట్టిందీ ఆ మెట్ల పిట్టగోడకే. ఇప్పుడు ఆ మెట్ల కింద, ఒకప్పుడు ఎవరూ వాయించని పియానో ఉండే చోట, ఇంజనీర్లు కూర్చుని ఉపగ్రహాల్లోనూ సైన్యం వాడే రాడార్లలోనూ ఉండే ఎలక్ట్రానిక్ పెట్టెలు వేడెక్కి పాడైపోకుండా చూస్తుంటారు. వాళ్ళలో మా అమ్మాయి ఒకతె.

నేను బడికి వెళ్ళిన మనిషిని కాను. నాన్నగారు దేవుడి గది గడప దగ్గర కూర్చోబెట్టి చదువు చెప్పారు. అందుకని మా అమ్మాయి తన పనేమిటో నాకు వంటింటి భాషలో చెప్పక తప్పలేదు. అలా చెప్పించుకునే భాగ్యం ఆమెతో కలిసి పనిచేసే పెద్ద చదువుల వాళ్ళకు లేకపోయిందే అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

"పాలు కాచి దించావనుకో. ఎలా చల్లారతాయమ్మా?" అంది ఒకరోజు.

"పక్కన పెడితే అవే చల్లారతాయి."

"అవే చల్లారవు. గాలి తగిలి చల్లారతాయి. పైన అంతరిక్షంలో గాలి లేదు."

"అయితే గిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెడతాను."

"నీళ్ళూ లేవు. పళ్ళెం మటుకు ఉంది. గిన్నె అడుగు ఆ పళ్ళేనికి గట్టిగా ఆనుకుని కూర్చోవాలి. అప్పుడు వేడి గిన్నెలోంచి పళ్ళెంలోకి దిగుతుంది. పళ్ళెం దాన్ని చీకట్లోకి వదిలేస్తుంది."

"చీకట్లోకి ఎలా వదులుతుందే?"

"పగలంతా కాగిన మన డాబా పొద్దుగుంకాక ఆకాశంలోకి వదలట్లేదూ? అలాగే. ముందు అక్కడిదాకా వేడి రావాలి కదా. మధ్యలో వెంట్రుక దూరేంత సందు ఉన్నా అక్కడే ఆగిపోతుంది. ఇక్కడైతే ఆ సందులో గాలి ఉండి కాస్త మోస్తుంది. పైన మోసేవాళ్ళు ఎవరూ లేరు."

ఆ రోజు నుంచి పొద్దున్న దీపం పెట్టేటప్పుడు గాలికి కూడా విడిగా ఒక నమస్కారం పెడుతున్నాను. అంతవరకు అది ఊరికే వస్తోంది కదా అని లెక్కలో వేసుకోలేదు.

బంగళా ఒక సినిమా నిర్మాతగారిది. ఆయన అంతరిక్షం మీద సినిమా మొదలుపెట్టి సగంలో ఆపేశారు. ఆ సెట్టు నేనూ చూశాను. మా శ్రీనగర్ కాలనీలో సగం మంది చూసే ఉంటారు, అప్పట్లో చుట్టాలొస్తే అక్కడికే తీసుకెళ్ళేవాళ్ళం. మేము వెళ్ళిన రోజు హీరో అంతరిక్షంలో చలికి గడ్డకట్టుకుపోయే సీను తీస్తున్నారు. ఫోమూ రెక్సినూ కలిపి కుట్టిన సూటులో, అన్నేసి లైట్ల కింద, పాపం లోపల ఉడికిపోతున్నాడు. 'కట్' అనగానే నలుగురు టేబుల్ ఫ్యాన్లు పట్టుకుని పరిగెత్తారు. ఒకాయన మెడ దగ్గరి జిప్పు తీసి లోపల ఐసు ముక్కలు పోశాడు. హీరో చెమట తుడుచుకుని మళ్ళీ వచ్చి వణికాడు. ఇంతా చేస్తే జుట్టు ఎగరడం లేదని దర్శకుడికి అసంతృప్తి. శిరస్త్రాణం తీయించి, పెద్ద ఫ్యాను తెప్పించి, అంతరిక్షంలో గాలి వీయించారు. పైన గాలి ఉండదని అక్కడ ఎవరికీ తెలియదనుకోను. హీరో జుట్టు ముందు ఆ విషయం నిలబడలేకపోయింది, అంతే.

సినిమా ఆగిపోయాక మిగిలిన అంతరిక్షాన్ని ఏం చేయాలో తోచక, నిర్మాతగారు ఈ కంపెనీకి బంగళా ఇచ్చి ఛైర్మన్ అయ్యారు. మొదటిసారి ఆఫీసుకి వచ్చినప్పుడు మా అమ్మాయితో ఆయన మాట్లాడిన మాటలు ఆమె ఇంటికొచ్చి అభినయించి చూపించింది.

"ఇంత కష్టం దేనికమ్మా? ఆ పెట్టెలో ఓ చిన్న ఏసీ బిగించెయ్యండి."

"ఏసీ ఆ వేడిని బయట గాలిలోకి నెట్టాలి కదా సార్. బయట గాలి లేదు."

"గాలి లేకపోతే అసలు వేడెందుకు పుడుతుందమ్మా? మేం సీను తీశాం కదా, అంతా మంచుగడ్డలే."

కంపెనీ పెద్ద అక్కడే ఉన్నాడట. విదేశంలో వేడి గురించే పరిశోధన చేసి వచ్చినవాడు. "ఇంట్రెస్టింగ్ పాయింట్ సార్" అన్నాడట.

ఇంతకీ నేను చెప్పబోయేది ఒక్క పెట్టె సంగతి. ఉపగ్రహంలో రాడార్‌ని నడిపించే పెట్టె. దానికి వేడి దిగే దారి వేసింది మా అమ్మాయి. మూడుసార్లు పెళ్ళిచూపులు వాయిదా వేసింది ఆ పెట్టె కోసమే కాబట్టి మా ఇంట్లో దాని మీద అందరికీ కొంచెం కోపం కూడా ఉండేది. కొనేవాళ్ళ తరఫున ఒక అధికారి వచ్చి చూస్తుండగా దాన్ని ఉక్కు గదిలో, వాళ్ళ భాషలో చాంబర్‌లో పెట్టి, గాలంతా తోడేసి, వేడిమీద నడిపించి చూపించాలి. నెగ్గితే కంపెనీకి ఆర్డరు వస్తుంది, తర్వాతి పెట్టెలన్నీ అమ్మాయి చేతిమీదుగా జరుగుతాయి. ఓడితే ఆమె వేసిన దారి తప్పని తేలుతుంది, పని వేరేవాళ్ళకి పోతుంది. ఆ వారమంతా అమ్మాయి పెరుగన్నం తప్ప ఏమీ తినలేదు.

పరీక్ష అనేసరికి నిర్మాతగారికి అలవాటైనది ఒక్కటే, ముహూర్తం. పెద్ద ముత్తయిదువ ఉండాలని నన్నూ పిలిపించారు. సంతోషంగా వెళ్ళాను. పరీక్ష జరిగే గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలంటే ఆయనకు ఆ గది మీద ఎక్కడలేని గౌరవం కలిగింది. దుమ్ము పడకుండా నీలం టోపీ, నీలం గౌను వేసుకోవాలంటే ఆ గౌరవం ఫోటోలు తీయించుకునేదాకా వెళ్ళింది. కొబ్బరికాయ చాంబర్ తలుపుకేసి కొట్టబోతే మా అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. చివరికి ఆ ప్రసిద్ధమైన మెట్ల మీద కొట్టించాం. నిర్మాతగారి బావమరిది క్లాప్ కొట్టారు. నిర్మాతగారు స్విచాన్ చేశారు. ముహూర్తం పెట్టిన సిద్ధాంతిగారు గౌరవ దర్శకత్వం వహించారు. మా అమ్మాయికి ఏ బాధ్యతా మిగలలేదు, పెట్టె తప్ప.

నిర్మాతగారి భక్తిని నేను శంకించను. దేవుడి మీద అంత బరువు వేయగలిగినవాళ్ళు అరుదు.

అప్పుడు సిద్ధాంతిగారు ఎర్రటి జాకెట్టు ముక్కలోంచి అమ్మవారి రాగి యంత్రం ఒకటి తీశారు. అరచేతికంత పలచని రేకు. మీద గళ్ళు, బీజాక్షరాలు అచ్చుగుద్ది ఉబ్బెత్తుగా ఉన్నాయి. నిండా గంధం, కుంకుమ. "విగ్రహం కింద యంత్రం వేసినట్టే ఈ పెట్టె కింద ఇది ఉండాలి. మన సినిమాలకు కెమెరా స్టాండు కింద వేయలేదూ?" అన్నారు.

"పెట్టె కింద ఏమీ ఉండకూడదండీ" అంది అమ్మాయి. "సందులు పూడ్చడానికి మేం వేసే మెత్తటి షీటు తప్ప ఇంకేదీ."

"రాగే కదమ్మా" అన్నారు నిర్మాతగారు. "రాగి వేడిని బాగా లాగుతుందని మా వంటవాడు కూడా చెప్తాడు."

"లాగుతుంది సార్, ఆనుకుంటే. ఇది ముడతలు ముడతలుగా ఉంది. అక్షరాల మీదే ఆనుతుంది, మధ్యలో అంతా ఖాళీ."

"సర్లేమ్మా, నీ ఇష్టం. దేవుడి పటం దగ్గర పెట్టించేస్తాను" అని ఆయన మందహాసం చేశారు. సినిమా వాళ్ళు 'నీ ఇష్టం' అన్నప్పుడు ఏం జరుగుతుందో శ్రీనగర్ కాలనీలో ఇన్నేళ్ళుండీ నేను మరిచిపోయాను. నేనూ అమ్మాయీ అధికారీ హాల్లో కాఫీలు తాగి, ఫోటో దిగి వచ్చేసరికి పెట్టె చాంబర్‌లో కూర్చుని ఉంది, బోల్టులు బిగించేసి ఉన్నాయి. అధికారి ముందు అమ్మాయి మళ్ళీ విప్పించలేదు. నేను ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం అమ్మాయి ఇంటికొచ్చి గోడకు చేరగిలబడింది. గాలి తోడుతున్నంతసేపూ ఎక్కడినుంచో ఏదో ఆవిరి వస్తూనే ఉందట, మామూలు కంటే చాలాసేపు పట్టిందట. ఆ తర్వాత పెట్టె ఒక మూల ఉండవలసినదానికంటే ఎక్కువ వేడెక్కడం మొదలుపెట్టింది. ఆగలేదు. కాలిపోతుందని భయపడి ఆమే ఆపించేసింది. గాలి ఉన్నప్పుడు బుద్ధిమంతురాలిలా ఉన్న పెట్టె, గాలి తీసేసరికి ఇలా చేసింది.

"మరి వాళ్ళేమన్నారే?"

"అధికారి రేపొక్కసారి చూస్తానన్నారు. మా బాస్ 'నీ డిజైన్‌లోనే ఏదో ఉంది, ఒప్పుకోవడంలో తప్పు లేదు' అన్నాడు. నిర్మాతగారైతే..." అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "హీరోయిన్ని మార్చి రీషూట్ చేద్దామన్నారమ్మా. నా ఎదురుగానే."

మర్నాడు ఏమీ తినకుండానే వెళ్ళిపోయింది. పదకొండింటికి క్యారియర్ సర్దుకుని ఆటోలో నేనూ వెళ్ళాను. అన్నం పెట్టి వచ్చేద్దామనే వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి చాంబర్ తలుపు తీస్తున్నారు. తలుపు కొంచెం వారగా తెరుచుకోగానే గుప్పున గంధం వాసన. ఉక్కు గదిలోంచి, శ్రావణ శుక్రవారం మా ఇంట్లో వచ్చినట్టు. అద్దాల బయట ఉన్న నాకే తెలిసింది. అమ్మాయి మొహం చూశాను. ఆమెకూ తెలిసిపోయింది.

"పెట్టె విప్పండి అన్నా" అంది టెక్నీషియన్‌తో.

ఆయన మా వైపు చూశాడు, నిర్మాతగారి వైపు చూశాడు, ఒక్కో బోల్టూ దేవుడికి దండం పెట్టినట్టు విప్పాడు. పెట్టె పైకెత్తాడు. కింద, తెల్లగా మెరిసే పలక మీద, యంత్రం. గంధం ఎండి పెచ్చులు కట్టి ఉంది.

"నేను చెప్పిన షీటేది?"

"తీసినం మేడమ్. సారు పెట్టుమన్నడు. మేడమ్‌కి చెప్తే ఒప్పుకోదు, చెప్పకు అన్నడు" అన్నాడాయన. "వద్దందామనుకున్న. దేవునిది గదా, వద్దంటే ఇంట్ల ఏమైతదో అని భయమైంది. పెద్దసారు గూడ గీడనే ఉండె. ఏమనలే."

పెద్దసారంటే కంపెనీ పెద్ద. అందరం ఆయన వైపు తిరిగాం. టోపీ సవరించుకున్నాడు. "హార్మ్‌లెస్ అనుకున్నాను. రాగే కదా" అన్నాడు. నిన్న సాయంత్రం మా అమ్మాయిని తప్పు ఒప్పుకోమన్న నోరు అదే.

ఇంత తెలిశాక పని అయిపోవాలి కదా. రేకు తీసి అవతల పెట్టాలి, అంతే కదా. తీసేదెవరు? టెక్నీషియన్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కంపెనీ పెద్దకి ఫోనొచ్చింది, మోగకుండానే. మా అమ్మాయి చెయ్యి చాచింది.

"ముట్టుకోకమ్మా!" నిర్మాతగారు అరిచారు. "ఆడపిల్లవి. ఏ రోజుల్లో ఉన్నావో ఏమో. అది ప్రతిష్ఠ చేసింది."

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. భయపడి కాదు. అంతమంది మగవాళ్ళ మధ్య ఆ మాట విని ఎర్రబడిపోయింది. ఉపగ్రహంలో వేడికి దారి వేసిన పిల్లకి, తన చెయ్యి తను చాచుకోవడానికి దారి లేకపోయింది. నాకు అప్పుడు వచ్చిన కోపం ఆ చాంబర్‌లో పెట్టి ఉంటే వేడి కొలిచే ఏ సెన్సరూ నిలిచేది కాదు.

నిర్మాతగారు సిద్ధాంతిగారికి ఫోన్ కలిపి అందరికీ వినిపించేలా పెట్టారు. సిద్ధాంతిగారు గంభీరంగా అన్నారు, "కదిలిస్తే దోషం. పౌర్ణమి వెళ్ళాక చిన్న హోమం చేసి కదుపుదాం."

అధికారి తన ఫైలు మూశారు. "నాకు ఈ సాయంత్రం వరకే టైముందండీ" అన్నారు. "పౌర్ణమికి నేను ఇక్కడ ఉండను."

నేను క్యారియర్ కింద పెట్టాను. "సిద్ధాంతిగారూ, నమస్కారమండీ. నేను నిన్న వచ్చిన ముత్తయిదువని. ఆవాహన చేసినదానికి ఉద్వాసన ఉంటుంది కదండీ?"

"ఉంటుందమ్మా, ఉండకేం?"

"వినాయక చవితికి ప్రతి ఇంట్లోనూ చెప్తాం. అక్షింతలు వేసి, నమస్కరించి, కొంచెం కదుపుతాం. దానికి పౌర్ణమి అడగం."

"అది వేరమ్మా, ఇది... చేసేవాళ్ళు నియమం, నిష్ఠ..."

"ఆ నిష్ఠేదో నాకుంది లెండి. వయసు కూడా దాటిపోయింది, నిర్మాతగారు కంగారు పడనక్కర్లేదు."

ఫోన్‌లో దగ్గు వినిపించింది. "ఆచారం తెలిసినవాళ్ళైతే అభ్యంతరం లేదు" అన్నారు సిద్ధాంతిగారు. ఆయనకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ గదిలో ముందు దారి ఇచ్చింది ఆయనే.

చేతులు కడుక్కుని వచ్చాను. అమ్మాయి నాకు నీలం గౌను తొడిగింది, టోపీ పెట్టింది, చేతులకు తొడుగులు వేసింది. మడి బట్ట కంటే కట్టుదిట్టంగా ఉంది. అక్షింతలు లోపలికి తేవద్దంది, మనసులోనే వేసుకోమంది. మనసులోనే వేశాను. తల్లీ, ఈ పిల్ల కష్టం నీకు తెలుసు, నిన్నిక్కడ పెట్టినవాళ్ళ తెలివీ నీకు తెలుసు, మా ఇంటికి వచ్చేయమ్మా అని చెప్పుకుని రేకును కొంచెం ఉత్తరానికి జరిపాను. ఉరుములు ఏమీ రాలేదు. తీసి, బయటికి తెచ్చి క్యారియర్ మూతలో పెట్టుకున్నాను.

అప్పుడు అందరికీ ప్రాణం లేచొచ్చింది. కంపెనీ పెద్దకి ఫోన్ మాట్లాడటం అయిపోయింది. అమ్మాయి స్పిరిట్‌లో గుడ్డ ముంచి పలకంతా తుడిచింది. "అమ్మవారు కూర్చున్న చోట ఆల్కహాలా?" అని నిర్మాతగారు గొణిగారు కానీ ఈసారి ఎవరూ తిరిగి చూడలేదు. బూడిద రంగు షీటు పరిచారు, పెట్టె దించారు. బోల్టులు ఒక వరసలో, కొంచెం కొంచెంగా బిగించారు. నిన్నటికంటే చాలా తొందరగా గాలి వెళ్ళిపోయింది.

అద్దం బయట కుర్చీలో కూర్చున్నాను. తెర మీద పెట్టె వేడిని చూపే ఒక గీత పైకి వెళ్తోంది. నిన్న అది ఆగకుండా వెళ్ళిపోయిందట. అమ్మాయి నిలబడే ఉంది. క్యారియర్‌లో దొండకాయ వేపుడు చల్లారిపోతోంది, దానికి గాలి ఉంది కాబట్టి. గీత ఎక్కింది, ఎక్కింది, తర్వాత బద్ధకంగా వంగింది. ఇంకాసేపటికి పడుకుంది. అలాగే పడుకుని ఉంది. అధికారి తన గడియారం చూసుకుని, మళ్ళీ తెర చూసి, "బాగుందమ్మా, ఇది నిలబడుతుంది" అన్నారు అమ్మాయితో. మిగతా పరీక్షలు ఇంకా చాలా ఉంటాయట. కానీ ఆ మాట ఆయన ఆమెతోనే అన్నారు, ఎవరి వైపూ చూడకుండా.

ఆమె నేల మీదే కూర్చుని అన్నం తింది. వేపుడంతా తినేసింది.

పెట్టె అన్ని పరీక్షలూ నెగ్గాక ఫిల్మ్‌నగర్‌లో ఒక హాలు తీసుకుని సక్సెస్ మీట్ పెట్టారు. సినిమా విడుదల కాకుండానే సక్సెస్ మీట్ పెట్టే ఊళ్ళో దీనికి పెట్టకపోతే ఎలా. వేదిక మీద లైట్ల వేడికి కంపెనీ పెద్ద కోటు లోపల తడిసిపోయాడు. నిర్మాతగారు మైకు తీసుకుని, ఇదంతా యంత్రం మహిమ, దాన్ని పెట్టె కింద వేయించాలన్న ఆలోచన తనదేనని చెప్పారు. సిద్ధాంతిగారికి శాలువా కప్పారు. ఏసీలు బిగించినవాళ్ళకు, భోజనాలవాళ్ళకు, పార్కింగ్‌వాళ్ళకు అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. నాకు చాలా ఆనందంగా అనిపించింది, వాళ్ళకు ఎవరూ చెప్పరు సాధారణంగా. మా అమ్మాయిని "మన థర్మల్ టీమ్" అన్నారు. ఆ పెట్టె వరకు టీమంతా ఒక్కతే కాబట్టి ఆమే లేచి దండం పెట్టింది.

భోజనాల దగ్గర నిర్మాతగారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "అమ్మగారూ, ఆ యంత్రం మీ దగ్గరే ఉండిపోయినట్టుంది. తర్వాతి పెట్టెకి పంపించండి. కలిసొచ్చింది కదా."

"ఆ తల్లి ఇప్పుడు మా ఇంట్లో దీపం కింద స్థిరపడిందండీ" అన్నాను. "మళ్ళీ కదపాలంటే దోషం కదా. సిద్ధాంతిగారిని అడగండి, పౌర్ణమి వెళ్ళాక చెప్తారు."

ఆయన ఆ మాట నిజంగానే ఒప్పుకున్నారు. భక్తిగా తల కూడా ఊపారు.

తర్వాతి పెట్టెలన్నీ మా అమ్మాయే చేస్తోంది. ఆ గదిలో ఇప్పుడొక పద్ధతి వచ్చిందట. పెట్టెను పలక మీదికి దించే ముందు టెక్నీషియన్ దాని అడుగును పైకెత్తి, గదిలో ఉన్న ఒక్కొక్కరి ముందుకీ తెచ్చి, హారతి చూపించినట్టు చూపిస్తాడట. "చూడుండ్రి, కింద ఏం లేదు" అంటాడట. ఛైర్మన్‌గారు వచ్చిన రోజైతే ఆయనకు రెండుసార్లు చూపిస్తాడట. ఆయన కళ్ళకద్దుకుంటారట.